పాత కోడ్‌కు మొదటి యూనిట్ టెస్టు ఎక్కడ రాయాలి?

మూడేళ్లుగా నడుస్తున్న పైథాన్ ప్రాజెక్టులో ఒక్క యూనిట్ టెస్టు (ఒక్కో ఫంక్షన్ సరైన జవాబు ఇస్తుందో లేదో చూసే చిన్న కోడ్) కూడా లేదని, ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదని అడిగారు. ఇటీవల మిమ్మల్ని బాగా ఇబ్బంది పెట్టిన బగ్ ఏ ఫంక్షన్‌లో దొరికిందో, అక్కడే మొదలుపెట్టండి.

నేను పనిచేసిన ఒక బిల్లింగ్ అప్లికేషన్‌లో జీఎస్టీ మొత్తం అప్పుడప్పుడు ఒక రూపాయి తక్కువగా వచ్చేది. 625 రూపాయలపై 18 శాతం పన్ను 112.50 అవుతుంది. కేంద్ర జీఎస్టీ (సీజీఎస్టీ) చట్టంలోని 170వ సెక్షన్ ప్రకారం యాభై పైసలు, అంతకు మించి ఉంటే పై రూపాయికి పెంచాలి కాబట్టి 113 రావాలి. పైథాన్ 3లోని రౌండ్ ఫంక్షన్ మాత్రం సరిగ్గా మధ్యలో ఉన్న విలువను దగ్గరి సరి సంఖ్యకు మారుస్తుంది కనుక 112 వచ్చేది. అదే 113.50 అయితే 114 అని సరైన జవాబే వచ్చేది. అందుకే తప్పు కొన్ని బిల్లుల్లోనే బయటపడి, రెండు రోజుల పాటు మాకు అంతుచిక్కలేదు.

కారణం తెలిశాక, కోడ్ సరిదిద్దకముందే, 625 ఇస్తే 113 రావాలని టెస్టులు నడిపే పైటెస్ట్ అనే సాధనంలో మూడు లైన్ల టెస్టు రాశాను. అది ఫెయిలైన తరువాతే పైథాన్ డెసిమల్ మాడ్యూల్‌లోని రౌండ్ హాఫ్ అప్ (సరిగ్గా సగం ఉంటే పైకి పెంచే) పద్ధతికి మారాను. టెస్టు ఒక్కసారైనా ఫెయిలవడం కళ్లారా చూడాలి. ఫంక్షన్ పేరు 'టెస్ట్' అన్న మాటతో మొదలుకాకపోతే పైటెస్ట్ దాన్ని అసలు పట్టించుకోదు. ఒకసారి అలా నడవని టెస్టునే పాసైందనుకుని నేను వారం రోజులు నిశ్చింతగా ఉన్నాను.

ఆ తరువాత ఎదురయ్యే చిక్కు, టెస్టు రాయడానికే వీలివ్వని కోడ్. ఇన్‌వాయిస్ నంబరులో ఆర్థిక సంవత్సరం చేర్చే మా ఫంక్షన్ ఈ రోజు తేదీని తానే సిస్టమ్ నుంచి తీసుకునేది. మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల మధ్య మార్పును పరీక్షించాలంటే ఆ రోజు వచ్చేదాకా ఆగాల్సిందే. తేదీని ఆర్గ్యుమెంటుగా, అంటే బయటి నుంచి ఇచ్చే విలువగా, పంపేలా మార్చగానే ఆ రెండు తేదీల టెస్టులూ పది నిమిషాల్లో పూర్తయ్యాయి. డేటాబేస్ విషయంలోనూ ఇదే దారి: వివరాలు తెచ్చే పని, లెక్క కట్టే పని వేర్వేరు ఫంక్షన్లలో ఉంచి, ముందుగా లెక్కకే టెస్టులు రాయండి.

కవరేజీ శాతాన్ని, అంటే కోడ్‌లో ఎంత భాగం టెస్టుల్లో నడుస్తోందో చెప్పే అంకెను, ఇప్పుడే చూడవద్దు. మాకు మొదటి నెల చివరికి పదకొండు టెస్టులే ఉండేవి, అవన్నీ పన్ను, తేదీ లెక్కలవే.