'సవాల్' అనే మాట ఒక్కరి సొత్తా?

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. మేం ముగ్గురం ఇంజినీరింగ్‌లో కలిసి చదువుకున్నాం. ఉద్యోగాలు చేసుకుంటూనే రాత్రిళ్లు కూర్చుని 'వామనగుంటలు సవాల్' అనే మొబైల్ గేమ్ తయారుచేసి, మూడు నెలల కింద ప్లే స్టోర్‌లో పెట్టాం. కంపెనీ కూడా ఇంకా పెట్టుకోలేదు. పోయిన వారం ఒక గేమింగ్ కంపెనీ నుంచి లాయర్ నోటీసు వచ్చింది. 'సవాల్' తమ రిజిస్టర్డ్ ట్రేడ్‌మార్క్ అట, పేరు చివర ఆ మాట ఉన్న గేములు తమకు మూడున్నాయట. 15 రోజుల్లో పేరు తీసేసి 25 లక్షల నష్టపరిహారం కట్టమంటున్నారు. సవాల్ అందరూ వాడే మాటే కదా? ఇంట్లో చెప్పుకోలేక టెన్షన్ పడుతున్నాం. స్క్రీన్‌షాట్ కూడా పంపుతున్నాం. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ముందు ఆ 25 లక్షల సంగతి పక్కన పెట్టండి. నోటీసులో ఎంత అంకె వేసినా కోర్టు ఫీజు కట్టక్కర్లేదు కాబట్టి అందరూ ధారాళంగానే వేస్తారు. 15 రోజుల గడువు కూడా వాళ్ల లాయరు పెట్టిందే, చట్టంలో లేదు. అలాగని నోటీసును సొరుగులో పడేయకండి. రేపు కేసంటూ వేస్తే 'నోటీసిచ్చినా లెక్కచేయలేదు' అని మొదటి పేజీలోనే రాస్తారు.

మీ పేరులో రెండు మాటలున్నాయి. వామనగుంటలు ఆ ఆట పేరే, మన అమ్మమ్మలు చింతగింజలతో ఆడిందే. సరుకు ఏ రకమో, ఎలాంటిదో చెప్పే మాటను మామూలుగా రిజిస్టర్ చేయకూడదని 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం 9వ సెక్షన్ చెబుతుంది. కాబట్టి ఆ మాట గురించి మిమ్మల్ని ఎవరూ అడగలేరు. మీరు కూడా రేపు ఇంకొకర్ని అడగలేరు. గొడవంతా రెండో మాట దగ్గరే.

సవాల్ అందరి మాటే, నిజమే. కానీ ఆ ఒక్క ముక్క పట్టుకుని కోర్టుకెళ్తే దెబ్బతింటారు. కోల్‌కతాకు చెందిన అన్నదమ్ములు ఫేస్‌బుక్‌లో స్క్రాబులస్ అనే ఆట పెట్టారు. స్క్రాబుల్ హక్కులున్న మాటెల్ కంపెనీ కేసు వేసింది. స్క్రాబుల్ అనేది ఆటకు మామూలు పేరైపోయిందని వీళ్లు వాదించారు. 2008లో ఢిల్లీ హైకోర్టు కాపీరైట్ వాదన ఒప్పుకోలేదు గానీ పేరు విషయంలో మాటెల్‌కే ఇంజంక్షన్, అంటే ఆ పేరు వాడకుండా ఆపే ఉత్తర్వు, ఇచ్చింది. ఆట లెక్సులస్‌గా మారింది. స్క్రాబుల్ కూడా నిఘంటువులో ఉన్న మాటే! కాకపోతే దాని అర్థం గీకడం, తడుముకోవడం. అక్షరాల పలకలతో మాటలు కట్టే ఆట గురించి అదేమీ చెప్పదు. మాట నిఘంటువులో ఉందా లేదా అన్నది కాదు, ఆ సరుకు గురించి అది ఏం చెబుతోందన్నదే లెక్క. అక్కడే మీకు బలం ఉంది. ఆట అంటేనే సవాలు.

ఇంకో తీర్పు కూడా మీకు పనికొస్తుంది. బెంగళూరులో ఆంధ్రా భోజనం పెట్టే నందిని డీలక్స్ హోటళ్ల మీద కర్ణాటక పాల సమాఖ్య పోట్లాడింది. వాళ్ల పాలు నందిని పేరుతోనే అమ్ముతారు కదా. నందిని అనేది దేవత పేరు, ఆవు పేరు, వాళ్లు పుట్టించిన మాట కాదని 2018లో సుప్రీంకోర్టు అంది. పాలు, పాల ఉత్పత్తులు మినహా మిగతా వాటికి హోటల్ వాళ్ల రిజిస్ట్రేషన్‌ను నిలబెట్టింది.

ఇక నోటీసులో ఉన్న నంబరుతో ట్రేడ్‌మార్కుల రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో స్టేటస్ చూడండి, ఫీజేమీ లేదు. 'రిజిస్టర్డ్' అని ఉందా, 'అబ్జెక్టెడ్' (రిజిస్ట్రీయే అభ్యంతరం చెప్పింది) అనో 'అపోజ్డ్' (ఇంకెవరో అడ్డుపడ్డారు) అనో ఉందా? దరఖాస్తు పెట్టిన రసీదు చేతిలో పట్టుకుని రిజిస్టర్డ్ అంటూ నోటీసులు పంపేవాళ్లు నాకు చాలామందే తగిలారు. రిజిస్టర్ అయ్యే ఉంటే, ఉత్త మాటా లేక బొమ్మతో కలిపిన లోగోనా చూడండి. లోగో అయితే 17వ సెక్షన్ ప్రకారం మొత్తం బొమ్మ మీదే హక్కు, అందులోని మామూలు మాటను విడదీసి నాదంటే కుదరదు. క్లాస్, అంటే ఏ రకం సరుకుకో సేవకో రిజిస్టర్ చేశారో చెప్పే నంబరు, కూడా చూడండి. డౌన్‌లోడ్ చేసుకునే గేమ్ 9లో, ఆన్‌లైన్‌లో ఆడించే సేవ 41లో, బోర్డు ఆటలు 28లో ఉంటాయి.

ఒకవేళ ఉత్త మాటే, 9వ క్లాసులోనే, పక్కాగా రిజిస్టర్ అయి ఉంటే పని కష్టమే. మూడు గేములూ బాగా ఆడి, సవాల్ అనగానే జనానికి వాళ్లే గుర్తొస్తున్నారని చూపగలిగితే మామూలు మాటకూ రక్షణ దొరుకుతుంది. అప్పుడు మీరు 30వ సెక్షన్ పట్టుకోవాలి. గేమ్ స్వభావాన్ని చెప్పడానికే ఆ మాట వాడామనాలి.

అలా అనాలంటే మీ ఐకాన్ కూడా ఆ మాటే చెప్పాలి. మీ స్క్రీన్‌షాట్‌లో వామనగుంటలు పైన చీమ తలకాయంత ఉంది, కింద సవాల్ పసుపు రంగులో నిండుగా ఉంది. ఇది నాకు నచ్చలేదు. ఈ వారమే ఆ సైజులు తారుమారు చేయండి. జవాబులో 'మా హక్కులకు భంగం లేకుండా' అని రాసి మారిస్తే తప్పు ఒప్పుకున్నట్టు కాదు.

నాకు కోర్టు కన్నా ప్లే స్టోర్ భయమే ఎక్కువ. అక్కడ విచారణలంటూ ఉండవు, ఫిర్యాదు వెళ్తే గేమ్ పోవచ్చు. 'ఎడ్జ్' అనే మాట నాదేనంటూ ఒకాయన చేసిన గొడవకు ఫ్రాన్స్‌లోని మోబీగేమ్ అనే చిన్న కంపెనీ అదే పేరుతో పెట్టిన గేమ్ 2009లో యాపిల్ స్టోర్ నుంచి పోయింది. ఆయనే ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అనే పెద్ద గేమింగ్ కంపెనీ మీద కేసు వేస్తే 2010లో కాలిఫోర్నియా జడ్జి ఇంజంక్షన్ ఇవ్వలేదు సరికదా, ఆయన చూపిన సాక్ష్యాల మీదే అనుమానం వ్యక్తం చేశాడు. 2013లో అమెరికాలో ఆ మార్కులు రద్దయ్యాయి. మోబీగేమ్‌కు పోయిన కాలం మాత్రం తిరిగి రాలేదు. అన్నీ అలాగే ముగియవు లెండి. క్యాండీ క్రష్ సాగా తయారుచేసిన కింగ్ కంపెనీ, సాగా అనే మాట ఉందని 'ది బ్యానర్ సాగా' అనే ఇంకో గేమ్ పేరు రిజిస్ట్రేషన్‌కు అడ్డుపడింది. 2014లో రాజీ కుదిరింది, గేమ్ పేరు మారలేదు.

ఉత్తుత్తి బెదిరింపులకు 142వ సెక్షన్ కింద మనమే కేసు వేయొచ్చని ఎవరైనా చెబుతారు. మీకు వద్దంటాను. అవతలివాళ్లు నిజంగా దావా వేస్తే అది నిలవదు, పైగా వాళ్లను మనమే లేపినట్టవుతుంది. దానికి బదులు వాళ్లు కేసు వేసే అవకాశమున్న కోర్టులో కేవియట్ వేయండి. 90 రోజులపాటు మీ మాట వినకుండా ఆర్డర్ ఇవ్వకుండా ఆపే దారి అది.

నన్నడిగితే, మీ డౌన్‌లోడ్లు ఇంకా వేలల్లోనే ఉంటే వామనగుంటలు ఉంచుకుని వెనక మాట మార్చేయమంటాను. మీది గెలవగల కేసే గానీ, దానికయ్యే ఖర్చుతో ఇంకో గేమ్ తయారవుతుంది. కొత్త పేరు ముందు రిజిస్ట్రీలో వెతికి, ఆ తర్వాతే దరఖాస్తు పెట్టండి. వ్యక్తులకు ఆన్‌లైన్‌లో క్లాసుకు 4,500 రూపాయలు. ముగ్గురి పేర్లతో పెట్టండి. కంపెనీ కూడా పెట్టుకోలేదంటున్నారు కాబట్టి, ఎవరి వాటా ఎంతో ఈ గొడవలోనే ఒక కాగితం మీద రాసుకోండి.