అమెరికా గూడ్సు రైళ్లలో మా అబ్బాయికి భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: నేను కాజీపేటలో గూడ్సు గార్డుగా 29 ఏళ్లు పనిచేసి ఈ మధ్యే రిటైరయ్యాను. మా అబ్బాయి మెకానికల్‌లో బీటెక్ చేసి, ఇప్పుడు అమెరికాలో ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్ ఎమ్మెస్ మొదటి సంవత్సరంలో ఉన్నాడు. స్నేహితులంతా సాఫ్ట్‌వేర్ అంటుంటే వీడు మాత్రం అక్కడి గూడ్సు రైల్వే కంపెనీలో చేరతానంటున్నాడు. ఆ దేశంలో పెద్ద కంపెనీలు ఆరే ఉన్నాయట, వాటిలోనూ రెండు కలిసిపోబోతున్నాయట. కంపెనీలు కలిసినప్పుడల్లా ఉద్యోగాలు పోతాయి కదా. వాడిని వెళ్లనివ్వాలా, ఆపాలా?

జవాబు: ఆపకండి. అయితే రైల్వే ఉద్యోగం అనగానే మీ మనసులో మెదిలే బొమ్మ వేరు, అతనికి అక్కడ దొరికేది వేరు. ఆ తేడా మీ ఇద్దరికీ తెలియాలి కాబట్టి ఈ జవాబు కాస్త పొడవవుతుంది.

మీకు తెలిసిన విలీనాలు వేరే రకం. నిజాం రైల్వే 1951లో సెంట్రల్ రైల్వేలో కలిసింది, 1966లో సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. బోర్డు మారింది, జోను మారింది, జీతం ఇచ్చే సర్కారు మారలేదు. అక్కడ అలా కాదు. గూడ్సు నడిచే పట్టాలు, వాటి కింద భూమి, వ్యాగన్లను విడదీసి కొత్త బండ్లుగా కూర్చే యార్డులు, సిగ్నళ్లు, ఇంజిన్లు దాదాపు అన్నీ ప్రైవేటు కంపెనీల సొంత ఆస్తి. పక్క కంపెనీ పట్టా మీదికి బండి వెళ్లాలంటే ఒప్పందం ఉండాలి, అద్దె కట్టాలి. ఒక సరుకు దేశం ఈ చివర నుంచి ఆ చివరకు పోవాలంటే మధ్యలో చేతులు మారక తప్పదు. ఆ చేతులు మారే చోట్లను తగ్గించుకోవాలన్న ఆశే అక్కడి విలీనాల చరిత్రలో చాలా భాగం.

మీరు విన్న లెక్క సరైనదే. యూనియన్ పసిఫిక్, బీఎన్‌ఎస్‌ఎఫ్, సీఎస్‌ఎక్స్, నార్‌ఫోక్ సదరన్, కెనడాకు చెందిన సీఎన్, సీపీకేసీ. ఈ ఆరూ మొదటి తరగతి కంపెనీలు, అంటే ఆదాయాన్ని బట్టి అన్నిటికన్నా పై వరుసలోవి. 1980లో ఈ తరగతిలో దాదాపు 40 ఉండేవి. అప్పట్లో అమెరికాలో వాటి సిబ్బంది నాలుగున్నర లక్షలు, ఇప్పుడు సుమారు లక్షా ఇరవై వేలు. మోసే సరుకు మాత్రం ఒకటిన్నర రెట్లు దాటింది. ఈ కోత మొత్తాన్ని విలీనాల ఖాతాలో వేయడం న్యాయం కాదు. బండికి నలుగురైదుగురు ఉండే సిబ్బంది ఇద్దరికి తగ్గారు. బండి చివర గార్డు కూర్చునే మీ బ్రేక్ వ్యాను లాంటిదే వాళ్లకూ ఉండేది, కబూస్ అనేవారు. 1980లలో అది మాయమై, చివరి వ్యాగన్‌కు మిణుకుమిణుకుమనే ఎర్రదీపపు పెట్టె వచ్చింది. వెనక గాలి ఒత్తిడి ఎంత ఉందో అది ఇంజిన్‌కు రేడియోలో చెబుతుంది. ఇది మీకు బాధ కలిగించే సంగతే, అయినా మీ దగ్గర దాచడం ఎందుకు?

ఇప్పుడు అసలు కథ. 1968 ఫిబ్రవరి 1న పెన్సిల్వేనియా రైల్‌రోడ్, న్యూయార్క్ సెంట్రల్ కలిసి పెన్ సెంట్రల్ అయ్యాయి. తూర్పు తీరంలో తరతరాలుగా ఒకరి సరుకు ఒకరు లాక్కున్న కంపెనీలు అవి. కాగితం మీద లాభం ఘనంగా కనిపించింది. కానీ రెండు కంప్యూటర్ వ్యవస్థలకూ పొసగలేదు. అధికారులు పెన్సిల్వేనియా వాళ్ల ఎర్ర జట్టు, న్యూయార్క్ సెంట్రల్ వాళ్ల ఆకుపచ్చ జట్టుగా చీలిపోయారు. యార్డులో ఏం జరిగి ఉంటుందో మీకు ఒక్క మాటలో అర్థమవుతుంది: వ్యాగన్ కళ్ల ముందు ఉంది, అది ఎక్కడికి పోవాలో చెప్పే బిల్లు లేదు. బిల్లు లేని వ్యాగన్‌ను ఏ లైనులోకి షంటింగ్ చేయాలి? పక్కన పెట్టారు. పక్కన పెట్టినవి పది, వంద అయ్యాయి. లైన్లు నిండాయి. వెనక వస్తున్న బండికి చోటు లేదు. సరుకు పంపినవాడు తన వ్యాగన్ ఎక్కడుందని అడిగితే చెప్పేవాడు లేడు. అతను లారీని పిలిచాడు. 1970 జూన్ 21న కంపెనీ దివాలా తీసింది. అమెరికాలో అప్పటివరకు అంత పెద్ద దివాలా లేదు. యార్డులే దీనికి ఏకైక కారణం కావు. అప్పులు, నష్టాల ప్యాసింజర్ బండ్లు, కదలనివ్వని చార్జీల నిబంధనలు కూడా ఉన్నాయి. కానీ ప్రాణం తీసిన దెబ్బల్లో ఇదొకటి.

చివరకు ప్రభుత్వమే పూనుకుని, దివాలా తీసిన తూర్పు కంపెనీలను కలిపి 1976 ఏప్రిల్ 1న కాన్‌రెయిల్‌ను మొదలుపెట్టింది. 1980లో వచ్చిన స్టాగర్స్ చట్టం చార్జీలు నిర్ణయించుకునే స్వేచ్ఛను, గిట్టుబాటు కాని లైన్లను వదిలించుకునే వెసులుబాటును ఇచ్చింది. కాన్‌రెయిల్ కోలుకుంది. 1987లో ప్రభుత్వం తన వాటాలు అమ్మేసింది. 1999లో దాన్ని నార్‌ఫోక్ సదరన్ 58 శాతం, సీఎస్‌ఎక్స్ 42 శాతం చొప్పున పంచుకున్నాయి. పెద్ద కంపెనీలు వదిలేసిన కొమ్మ లైన్లను చిన్న సంస్థలు కొనుక్కున్నాయి. అలాంటి చిన్న రైల్వేలు ఇప్పుడు 600 దాకా ఉన్నాయి. మీ అబ్బాయి కంటికి ఇవి ఆనవు. ఇంటర్న్‌షిప్‌కు మాత్రం నా మొదటి సలహా వీటిలోనే. ముప్పై మంది ఉన్న చోట కుర్రవాడు నెలలో యార్డు, బిల్లింగ్, పట్టాల తనిఖీ మూడూ చూసేస్తాడు.

అనుమతి ప్రతిసారీ దొరకదనడానికి ఒక సరదా ఉదాహరణ. శాంటా ఫే, సదరన్ పసిఫిక్ 1980లలో కలవాలనుకున్నాయి. అనుమతి ఖాయమనుకుని ఇంజిన్లకు ఎరుపు, పసుపు కొత్త రంగులు వేయించి, ఒకరు ‘ఎస్‌ఎఫ్’ అనీ మరొకరు ‘ఎస్‌పీ’ అనీ రాయించి, రెండో సగానికి పక్కన ఖాళీ వదిలారు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! రెండింటి లైన్లూ చాలా చోట్ల పక్కపక్కనే ఉన్నాయి, పోటీ చస్తుందంటూ 1986లో నియంత్రణ సంస్థ కాదంది. ఆ ఖాళీలు అలాగే మిగిలిపోయాయి. పక్కపక్కన నడిచే లైన్లు కలిస్తే సరుకు పంపేవాడికి దిక్కు లేకుండా పోతుంది. కొసకు కొస కలిస్తే బండి ఆగకుండా సాగుతుంది. ఏ విలీనం వార్త వచ్చినా మీ అబ్బాయి ముందు పటం తీసి ఇది ఏ రకమో చూడాలి.

పశ్చిమాన ఆట 1995, 1996లలో ముగిసింది. బర్లింగ్టన్ నార్తర్న్, శాంటా ఫే కలిసి బీఎన్‌ఎస్‌ఎఫ్ అయ్యాయి. మరుసటి ఏడాది యూనియన్ పసిఫిక్ సదరన్ పసిఫిక్‌ను కలుపుకుంది. పోటీ బతకాలని ఆ రెండో విలీనంలో బీఎన్‌ఎస్‌ఎఫ్‌కు దాదాపు 4,000 మైళ్ల మేర యూనియన్ పసిఫిక్ పట్టాలపై బండ్లు నడుపుకునే హక్కు ఇప్పించారు. అయినా 1997లో హ్యూస్టన్ స్తంభించింది. యార్డు నిండితే వచ్చే బండ్లను దూరంగా లూప్ లైన్లలో ఆపారు. చట్టం ప్రకారం సిబ్బంది 12 గంటలు దాటి పనిచేయకూడదు. గడువు తీరగానే వాళ్లు దిగిపోతారు, బండి అక్కడే ఉంటుంది, ఇంజిన్ దానితోనే ఉంటుంది. ఆ ఇంజిన్ లేక మరో ఊళ్లో బండి బయలుదేరదు. హ్యూస్టన్‌లో మొదలైన ముడి దేశ పశ్చిమ భాగమంతా పాకింది. చివరకు నియంత్రణ సంస్థ అత్యవసర ఉత్తర్వులు ఇవ్వాల్సి వచ్చింది. ముప్పై ఏళ్ల తేడాతో అదే పాఠం రెండోసారి చెప్పించుకున్నారు. యార్డు తెలిసినవాళ్లను ముందు పంపి, కంప్యూటర్లు తర్వాత కలిపి, పేరు ఆఖరున మార్చి ఉంటే బాగుండేదని నా అభిప్రాయం.

నేను విద్యార్థులకు తరచూ చెప్పే సంగతి ఇంకొకటి ఉంది. 1982లో యూనియన్ పసిఫిక్ మిస్సోరి పసిఫిక్‌ను కలుపుకుంది.  కానీ ప్రతి వ్యాగన్ ఎక్కడుంది, ఎటు పోవాలి అని చూసే కంప్యూటర్ వ్యవస్థ అమ్ముడైన కంపెనీదే మెరుగ్గా ఉంది. కొన్న కంపెనీ దాన్నే తీసుకుని దశాబ్దాల పాటు వాడింది. మిస్సోరి పసిఫిక్ పేరు ఇంజిన్ల మీద నుంచి చెరిగిపోయింది, దాని పని పద్ధతి మాత్రం కొన్నవాడి ఇంట్లో కాపురం పెట్టింది.

ఇక ఇప్పటి విషయం. 2001లో నిబంధనలు బిగించారు. పెద్ద కంపెనీలు రెండు కలవాలంటే పోటీ చావకపోవడం చాలదు, పెరుగుతుందని చూపించాలి. కెనడియన్ పసిఫిక్, కేన్సస్ సిటీ సదరన్ కలయికను పాత నిబంధనల కిందే చూశారు. ఆ రెండూ 2023 ఏప్రిల్‌లో సీపీకేసీగా ఒక్కటై, కెనడా, అమెరికా, మెక్సికోలను ఒకే కంపెనీ పట్టాలతో కలిపాయి. మీరు విన్నది 2025 జులైలో యూనియన్ పసిఫిక్, నార్‌ఫోక్ సదరన్ ప్రకటించిన ఒప్పందం గురించి. పశ్చిమంలో ఒకటి, తూర్పున ఒకటి, చాలావరకు కొసకు కొస. ఇంతవరకు అమెరికాలో తీరం నుంచి తీరానికి ఒకే కంపెనీ లేదు. షికాగోలో చేతులు మారతాయి. అక్కడ కొన్ని కంటైనర్లను ఒక కంపెనీ యార్డులో దించి, లారీకి ఎక్కించి, ఊరి వీధుల్లోంచి ఇంకో కంపెనీ యార్డుకు తీసుకెళతారు. దేశమంతా రైల్లో పోయే పెట్టె మధ్యలో కొన్ని మైళ్లు లారీలో! ఈ విలీనానికి అనుమతి దొరికినా దొరకకపోయినా మీ అబ్బాయి చదువు దాని మీద ఆధారపడకూడదు.

ఉద్యోగాల విషయంలో నిజం చెప్పాలి. విలీనాల్లో మొదట తగిలేది ప్రధాన కార్యాలయాలకు. శాన్‌ఫ్రాన్సిస్కోలో సదరన్ పసిఫిక్ కార్యాలయం, ఫిలడెల్ఫియాలో కాన్‌రెయిల్ కార్యాలయం అలాగే పోయాయి. కార్మిక సంఘాల్లో ఉన్నవారికి విలీన సమయంలో ఆరేళ్ల వరకు వేతన రక్షణ నిబంధనలున్నాయి. మీ అబ్బాయి చేరేది ఆఫీసు వైపు, అక్కడ అంత గట్టి కవచం ఉండదు. అందుకే బడ్జెట్లు, నివేదికలు తయారుచేసే కుర్చీ కన్నా బండ్ల ప్రణాళిక, యార్డు సామర్థ్యం, వ్యాగన్ల సమాచారం చూసే కుర్చీ వెతుక్కోమనండి. రెండు కంపెనీలు కలిసినా విడిపోయినా ముందు పిలిచేది ఆ మనుషులనే.

చదువులో ఆపరేషన్స్ రీసెర్చ్, నెట్‌వర్క్ ఆప్టిమైజేషన్, డేటాబేసులు గట్టిగా పట్టుకోవాలి. ఆపరేషన్స్ రీసెర్చ్ నిపుణుల సంఘమైన ఇన్‌ఫార్మ్స్‌లోని రైల్వే విభాగం విద్యార్థులకు సమస్యల పోటీ పెడుతుంటుంది, అందులో పాల్గొనమనండి. దరఖాస్తులు ఆరు కంపెనీలకే పరిమితం కాకూడదు. కంపెనీల మధ్య వ్యాగన్ల సమాచారం మార్పిడి చేసే రెయిలింక్, వ్యాగన్లు సమకూర్చే టీటీఎక్స్, ఇంజిన్లు తయారుచేసే వాబ్‌టెక్, రసాయనాలు, ధాన్యం పెద్ద ఎత్తున పంపే సంస్థల రవాణా విభాగాలు కూడా ఇదే చదువును అడుగుతాయి. వీసా స్పాన్సర్‌షిప్ ఇస్తారా అన్నది ఇంటర్వ్యూ చివర మొహమాటంగా కాకుండా, మొదటి ఫోనులోనే అడగాలి. చాలామంది మన పిల్లలు ఇక్కడే ఆరు నెలలు పోగొట్టుకుంటారు. బీఎన్‌ఎస్‌ఎఫ్ ప్రధాన కార్యాలయం మనవాళ్లు ఎక్కువగా ఉన్న డల్లాస్ పక్కనే ఫోర్ట్‌వర్త్‌లో ఉంది, కానీ శిక్షణ అక్కడే ఉంటుందని అనుకోవద్దు. చలికాలం రాత్రి రెండు గంటలకు నెబ్రాస్కా లాంటి చోట యార్డులో నిలబడాల్సి రావచ్చు. ఆ మాట చెప్పినప్పుడు అతని ముఖం ఎలా ఉందో మీరు వీడియో కాల్‌లో చూడండి, నాకన్నా మీకే బాగా తెలుస్తుంది.

ఒక పని చేయమనండి. నెబ్రాస్కాలోని నార్త్ ప్లాట్‌లో యూనియన్ పసిఫిక్ వారి బెయిలీ యార్డు ఉంది, ప్రపంచంలో అంత పెద్ద మార్షలింగ్ యార్డు లేదు. పక్కనే సందర్శకుల కోసం గోల్డెన్ స్పైక్ టవర్ ఉంది. వేసవి సెలవుల్లో ఒక పూట అక్కడ కూర్చుని, హంప్ అనే మిట్ట మీద నుంచి విడిపోయి దొర్లుతున్న వ్యాగన్లు ఏది ఏ లైనులోకి పోతుందో, ఎందుకు పోతుందో రాసుకోమనండి. రాత్రికి మీకు ఫోను చేసి చెప్పమనండి. అతను తప్పు చెబితే పట్టుకోగలవారు మీ ఇంట్లోనే ఉన్నారు.