పెద్ద కష్టమేమీ లేదు, అయినా ఎందుకీ టెన్షన్?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. ఉద్యోగం చేస్తున్నాను, ఇద్దరు పిల్లలు. చెప్పుకోదగ్గ కష్టమేమీ లేదు. అయినా చిన్నదానికీ చిరాకు. మొన్న బాబు నీళ్లు ఒలకబోస్తే గట్టిగా అరిచాను, వాడు బిక్కమొహం వేశాడు. రాత్రి 3 గంటలకు మెలకువ వస్తే ఇక నిద్ర పట్టదు. మావారేమో ‘ప్రతిదానికీ టెన్షన్ పడతావు’ అంటారు. లోపం నాలోనే ఉందా?

జవాబు: లోపమేమీ లేదమ్మా. ‘చెప్పుకోదగ్గ కష్టం లేదు’ అనుకుంటూ మీ బాధను మీరే కొట్టిపారేస్తున్నారు. పెద్ద కష్టం వస్తే నలుగురూ వచ్చి పలకరిస్తారు. కట్టాల్సిన ఫీజు, తెమలని ఆఫీసు పని, చేయాల్సి ఉండిపోయిన ఫోను... వీటికి ఓదార్పు ఎవరూ చెప్పరు. 1981లో రిచర్డ్ లాజరస్ అనే మనస్తత్వవేత్త బృందం నడివయసు వాళ్లను నెలల తరబడి గమనించింది. జీవితంలోని పెద్ద సంఘటనల కన్నా ఈ రోజువారీ చికాకులకే మానసిక ఇబ్బందులతో దగ్గరి సంబంధం కనిపించింది.

చికాకు కలిగితే ఒంట్లో అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు పెరుగుతాయి. గుండె వేగంగా కొట్టుకుంటుంది, దవడా భుజాలూ బిగుసుకుంటాయి. కాసేపటికి అన్నీ సర్దుకోవాలి. ఒకటి సర్దుకునేలోపే మరొకటి వచ్చిపడుతుంటే ఆ బిగువు సాయంత్రం దాకా వదలదు. బాబు నీళ్లు ఒలకబోసేసరికి మీకు అది ఆ రోజు ఎన్నో చికాకో!

ఇంట్లోకి అడుగుపెట్టే ముందు రెండు నిమిషాలు ఆగండి. ఊపిరి పీల్చినదాని కన్నా ఎక్కువసేపు నెమ్మదిగా వదలండి. వదిలేటప్పుడు గుండె వేగం తగ్గుతుంది.

పడుకునే ముందు ఐదు నిమిషాలు రేపటి పనులు కాగితం మీద రాయండి. ‘ఫీజు సంగతి’ అని కాదు, ‘10 గంటలకు స్కూలుకు ఫోన్ చేసి గడువు అడగాలి’ అని విడమరిచి రాయండి. ఇలా రాసుకున్నవాళ్లకు త్వరగా నిద్ర పట్టిందని 2018లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. 3 గంటలకు మెలకువ వచ్చినా, ఆ పని కాగితం మీద ఉందన్న ధీమా ఉంటుంది. ఎంతకీ నిద్ర పట్టకపోతే మంచం మీద దొర్లకుండా లేచి, మసక వెలుతురులో కాసేపు కూర్చోండి. ఫోన్ మాత్రం ముట్టుకోవద్దు.

ఒకసారి డాక్టర్‌కు చూపించుకోండి. థైరాయిడ్ తేడా వల్ల కూడా చిరాకు, నిద్రలేమి రావచ్చు. దిగులు రెండు వారాలకు మించి వదలకపోయినా, దేనిమీదా ఆసక్తి లేకపోయినా మానసిక వైద్యుల్ని కలవాలి.

బాబుకు మాత్రం ఈరోజే చెప్పండి: ‘ఆ రోజు తప్పు నీది కాదు నాన్నా, అమ్మ అలిసిపోయి అరిచింది’ అని. పిల్లలు ఇలాంటివి తమ తప్పే అనుకుని లోపల దాచుకుంటారు.

ఇక మీవారి సంగతి. టెన్షన్ పడటం న్యాయమా కాదా అని ఆయనతో వాదించకండి. ‘కాస్త సాయం చేయండి’ అన్నా లాభం ఉండదు, ఎందుకంటే ఏం చేయాలో గుర్తుపెట్టుకుని చెప్పే బరువు మళ్లీ మీదే. పిల్లల స్కూలు వ్యవహారమంతా ఆయనకు అప్పగించండి, గుర్తుపెట్టుకోవడంతో సహా. మొదట్లో ఒకటి రెండుసార్లు మర్చిపోతారు, మర్చిపోనివ్వండి. మీరు గుర్తుచేశారంటే ఆ పని తిరిగి మీ నెత్తికే వస్తుంది.