కంటి గూటిలో ఇనుప ముక్క

ప్రశ్న: ఉలిపై సుత్తితో కొడుతుండగా ఎగిరిన ఇనుప ముక్క మా తమ్ముడి కనుగుడ్డు వెనుక చిక్కుకుంది. చూపు బాగానే ఉంది కనుక తీయనక్కరలేదని వైద్యులు అంటున్నారు. అలా వదిలేయవచ్చా?

జవాబు: చాలా సందర్భాల్లో వదిలేయవచ్చు. ఉక్కు వంటి లోహపు ముక్క కంటి గూటి కొవ్వులో ఏళ్ల తరబడి హాని చేయకుండా ఉండిపోగలదు. దానికోసం లోతుగా వెతికితే దృష్టినాడికీ, కన్ను తిప్పే కండరాలకూ గాయమయ్యే ప్రమాదం ఉంది. రాగి ముక్కైనా, చీము పట్టినా, నాడిని నొక్కుతున్నా తీయవలసిందే. ఇనుము కనుగుడ్డు లోపలే ఉంటే మాత్రం తుప్పు రెటీనాను దెబ్బతీస్తుంది కనుక, గుడ్డు చెక్కుచెదరలేదని సీటీ స్కాన్‌లో తేలిందో లేదో అడగండి. ధనుర్వాతం టీకా సంగతీ కనుక్కోండి. ఇకపై ఎవరైనా ఎమ్మారై స్కాన్ రాస్తే, అందులోని అయస్కాంతం ముక్కను కదిలించగలదు కాబట్టి, ఈ విషయం ముందే చెప్పాలి.