చెట్టును కొట్టకుండా బరువు తెలిసేదెలా?

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలోని మిన్నెసోటాలో అడవుల మీద పరిశోధన చేస్తోంది. ఒక్కో జాతి చెట్ల బయోమాస్, అంటే ఎండు బరువు, ఏళ్ల తరబడి ఎలా మారిందో లెక్కగడుతున్నామంటుంది. వేసవంతా టేపు పట్టుకుని దోమల మధ్య తిరుగుతోంది. బయోమాస్ కొలవడానికి ఉపగ్రహాన్నే పంపారని పత్రికలో చదివాను. మరి ఈ తిరుగుడెందుకు? చెట్టును కొట్టకుండా బరువెలా తెలుస్తుంది? అక్టోబరు నెల ఉపగ్రహ చిత్రాల కోసం అంతగా వెతుకుతుందేమిటి?
– ఒక తల్లి, తణుకు

జవాబు: అమ్మా, ముందు ఆ ఉపగ్రహం సంగతి. 2025 ఏప్రిల్‌లో యూరప్ అంతరిక్ష సంస్థ పంపిన ఆ ‘బయోమాస్’ సుమారు 70 సెంటీమీటర్ల రాడార్ తరంగాలతో ఆకులను దాటి మానును, పెద్ద కొమ్మలను చూడగలదు. కానీ ఉత్తర అమెరికా, యూరప్‌ల మీద దాన్ని వాడనివ్వరు. అంతరిక్షంలో తిరిగే వస్తువులను గమనించే అమెరికా సైనిక రాడార్లకు ఆ తరంగాలు అడ్డు తగులుతాయట! కాబట్టి మిన్నెసోటాకు దానివల్ల ఒరిగేదేమీ లేదు. వాడనిచ్చినా అది చెప్పేది బరువే తప్ప, అది ఏ జాతి బరువో కాదు.

ఇక రెండో ప్రశ్న. అటవీ విద్యార్థులకు కొలతలు నేర్పే రోజుల్లో ప్రతి తరగతిలోనూ విన్నదే. చెట్టును ఎవరో ఒకరు ఎప్పుడో కొట్టే ఉంటారు. ఒక్కో జాతిలో చిన్నవీ పెద్దవీ కొన్ని చెట్లను పడగొట్టి, మాను, కొమ్మలు, ఆకులు విడివిడిగా తూచి, ముక్కలను బరువు ఇక తగ్గదనేవరకు ఓవెన్‌లో ఆరబెడతారు. మాను లావుకూ ఎండు బరువుకూ ఉన్న సంబంధం అలా సూత్రంగా మారుతుంది. ఆ తర్వాత టేపు చాలు. అమెరికాలో నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులో కొలుస్తారు. ఆస్పెన్ కలప తేలిక, షుగర్ మేపుల్ బరువు. లావు ఒకటే అయినా లెక్క వేరు. అందుకే జాతి తెలియని కొలత సగం కొలతే.

ఈ సూత్రాలూ మారుతుంటాయి. అమెరికా అటవీ శాఖ 2023లో దేశమంతటికీ కొత్తవి తెచ్చింది. పాత కొలతలను కూడా వాటితో తిరిగి లెక్కించకపోతే, చెట్టు పిసరంత పెరగకున్నా కాగితం మీద బరువు మారిపోతుంది. పరిశోధన పత్రం చేతికొస్తే నేను ముందు వెతికేది ఈ సంగతే.

అమెరికా అడవుల గణనలో సుమారు ప్రతి 6,000 ఎకరాలకు ఒక కొలత స్థలం ఉంటుంది. అందులో 24 అడుగుల వ్యాసార్ధంతో నాలుగు వలయాలు. ప్రతి చెట్టూ ఏ దిక్కున, ఎంత దూరంలో ఉందో రాసుకుంటారు. కొన్నేళ్లకు మళ్లీ వచ్చి అదే చెట్టును పట్టుకుంటారు, చచ్చిపోతే అదీ రాస్తారు. ‘మొత్తం బయోమాస్ నిలకడగా ఉంది’ అనే వాక్యం చూస్తే నాకు ఒళ్లు మండేది అందుకే. ఎమరాల్డ్ ఆష్ బోరర్ అనే పురుగు 2002లో మిషిగన్‌లో బయటపడి, 2009కల్లా మిన్నెసోటాలో కనిపించింది. అది బెరడు కింద తొలిచి ఆష్ చెట్లను చంపుతుంది. పక్కనున్న మేపుల్ లావెక్కితే మొత్తం సరిపోవచ్చు. బ్లాక్ ఆష్ పట్టీలతో బుట్టలల్లే అక్కడి ఆదివాసులైన ఒజిబ్వే ప్రజలకు ఆ మొత్తంతో ఏం పని?

ఇంకా వెనక్కి వెళ్లాలంటే 19వ శతాబ్దపు భూమి సర్వేయర్ల పుస్తకాలున్నాయి. అర మైలుకొకచోట గుర్తు పాతి, దగ్గరి చెట్ల జాతి, లావు, దూరం, దిక్కు రాశారు. వాళ్లకు కావలసింది సరిహద్దు గుర్తులు మాత్రమే. ఆ రాతల నుంచే, పెద్ద నరికివేతకు ముందు వైట్ పైన్ ఎక్కడ ఎంత ఉండేదో ఈనాటి పరిశోధకులు అంచనా వేస్తున్నారు. గుర్తుగా గాటు పెట్టడానికి వీలైన చెట్లనే సర్వేయర్లు ఎంచుకున్న చోట్ల లెక్క కొంత సవరించుకోవాలి.

అక్టోబరు సంగతికొస్తే, అక్కడి బురద నేలల్లో టామరాక్, బ్లాక్ స్ప్రూస్ పక్కపక్కనే పెరుగుతాయి. రెండూ సూది ఆకులవే. వేసవిలో పైనుంచి విడదీయడం కష్టం. శరదృతువులో టామరాక్ పసుపెక్కి ఆకులన్నీ రాలుస్తుంది, స్ప్రూస్ పచ్చగానే ఉంటుంది. నేలను చిత్రీకరించే అమెరికా ఉపగ్రహాలైన పాత లాండ్‌శాట్‌లలో ఒక్కోటి ఒకే చోటికి 16 నుంచి 18 రోజులకోసారి వచ్చేది. ఆ రోజు మబ్బు పట్టిందంటే పసుపు రంగు చిత్రం దొరకదు. మీ అమ్మాయి వెతుకుతున్నది మబ్బు లేని ఆ రోజుల కోసమే అయి ఉంటుంది.