ఐటీఐ చదివితే పరువు పోతుందా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ తర్వాత ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చేసి ఆస్ట్రేలియా వెళ్తానంటున్నాడు. నేను మేనేజ్‌మెంట్ కోటాలో కంప్యూటర్ సైన్స్ సీటు మాట్లాడి ఉంచాను. ఏది మేలు? చేతిపని చేసుకునేవాడిని పరాయి దేశంలో ఎవరైనా లెక్కచేస్తారా?

జవాబు: మీరు పోలిక అడిగారు గానీ, మీ బాధంతా ఆఖరి ప్రశ్నలోనే ఉంది కాబట్టి ముందు దానికే జవాబు చెబుతాను.

స్కాట్లండ్‌లో మగ్గం నేసిన చార్లెస్ జార్డిన్ డాన్ 1853లో మెల్‌బోర్న్ చేరి రాతిపనిలో కుదిరాడు. 1856 ఏప్రిల్ 21న ఆ నగరపు రాతిపనివారు విశ్వవిద్యాలయ కట్టడం దగ్గర పని ఆపి పార్లమెంటు భవనం దాకా ఊరేగారు. కూలి తగ్గకుండా ఎనిమిది గంటల పనిదినం సాధించుకున్నారు. 1859లో డాన్ మెల్‌బోర్న్‌ను ఆనుకుని ఉన్న కాలింగ్‌వుడ్ నుంచి, ఆ ప్రాంతాన్ని పాలించే విక్టోరియా శాసనసభకు ఎన్నికయ్యాడు. సభ్యులకు జీతమిచ్చే చట్టం 1870లో గానీ రాలేదు కనుక, ఆయన పగలంతా ఉలి, సుత్తి పట్టి రాయి చెక్కి, రాత్రి వెళ్లి సభలో కూర్చునేవాడు. అది సుఖమైన బతుకు కాదు. 1864లో ఓడిపోయాడు, 1866లో కన్నుమూశాడు. అయినా కూలిపని చేసే వలసవాడిని తమ ప్రతినిధిగా పంపడానికి కాలింగ్‌వుడ్ ఓటర్లు సిగ్గుపడలేదు. కన్నతండ్రి అయిన మీరు ఎందుకు సిగ్గుపడుతున్నారు?

కంప్యూటర్ సైన్స్ మంచి చదువే, కానీ ఇష్టం లేని పిల్లవాడికి అప్పు చేసి కొనే సీటు మీద నాకు నమ్మకం లేదు. నాలుగేళ్లు అదే చదివి వచ్చిన ఒక అబ్బాయి నా ముందు చిన్న ప్రోగ్రామ్ కూడా రాయలేక తలవంచుకున్నాడు. కాసేపటికి గదిలో ఫ్యాన్ ఆగిపోతే, అడగకుండానే లేచి, మెయిన్ ఆపి, స్విచ్‌బోర్డు విప్పి, కాలిన తీగ మార్చి మరీ కూర్చున్నాడు. ఆ పని చేస్తున్నంతసేపూ అతని ముఖం వేరుగా ఉంది. మీ అబ్బాయి నోరు తెరిచి తనకేం కావాలో చెబుతున్నాడు, అది మీ అదృష్టం.

అయితే ఐటీఐ సర్టిఫికెట్ ఒక్కటే చూపిస్తే ఆస్ట్రేలియాలో తీగ ముట్టనివ్వరు. అక్కడ నైపుణ్య పరీక్ష నెగ్గాలి, పనిచేయబోయే రాష్ట్రపు లైసెన్సు పొందాలి. కాబట్టి రెండేళ్ల ట్రేడ్, అప్రెంటిస్‌షిప్, కొన్నేళ్ల అనుభవం, వాటితోపాటు ఇంగ్లిషు సాధన ఇక్కడే పూర్తి కానివ్వండి. ఈలోగా ఏ ఏజెంటుకూ డబ్బు కట్టకండి. సీటు కోసం అడ్వాన్సు ఇచ్చి ఉంటే, ఈ వారంలోనే వెనక్కి అడగండి.