పాఠకుల ప్రశ్నలు: కార్బురేటర్ కింద అంగుళం స్పేసర్

ప్రశ్న: మా పాత వీ8 కారుకు, గాలిని, పెట్రోలును సిలిండర్లకు పంచే కంపెనీ మానిఫోల్డ్ తీసివేసి, విడిగా కొన్న అల్యూమినియం డ్యూయల్ ప్లేన్ ఇన్‌టేక్ మానిఫోల్డ్, దానిపై నాలుగు బ్యారెళ్లూ (గాలి దారులు) దాదాపు ఒకే సైజులో ఉండే స్క్వేర్ బోర్ కార్బురేటర్ బిగించాము. దూరం నడిపి, బండి ఆపిన పది నిమిషాలకు మళ్ళీ స్టార్ట్ చేయబోతే ఇంజిన్ ఓ పట్టాన అందుకోవడం లేదు. పెట్రోలు వాసన గుప్పుమంటోంది. కార్బురేటర్‌కూ మానిఫోల్డ్‌కూ నడుమ అంగుళం మందం దిమ్మ, అంటే స్పేసర్ వేస్తే ఈ బాధ తీరుతుందని ఒకరు, నడుమ ఒకే పెద్ద రంధ్రం ఉండే ఓపెన్ స్పేసర్ అయితే పికప్ కూడా పెరుగుతుందని మరొకరు అంటున్నారు. ఏది కొనాలి? బిగించేటప్పుడు ఏమేమి చూసుకోవాలి?

జవాబు: వేడి తగ్గించడం, పికప్ పెంచడం అనే రెండు వేర్వేరు పనులను మీరు ఒకే స్పేసర్‌కు అప్పగిస్తున్నారు. మొదటిది స్పేసర్‌ను దేనితో చేశారన్న దానిమీద, రెండవది దాని లోపలి రంధ్రాల ఆకారంమీద ఆధారపడి ఉంటాయి.

మీరు వ్రాసిన లక్షణాలు వేడివల్ల వచ్చేవే. ఇంజిన్ ఆగగానే నీటి ప్రవాహమూ, లోపలికి వచ్చే చల్లని గాలీ ఆగిపోతాయి కాబట్టి మానిఫోల్డ్‌లోని వేడి మెల్లగా పైకి ప్రాకి, కార్బురేటర్‌లో పెట్రోలు నిలువ ఉండే బౌల్‌ను చేరుతుంది. పెట్రోలులోని తేలిక భాగాలు సుమారు 35–40 డిగ్రీల సెల్సియస్‌లోనే ఆవిరి కావడం మొదలుపెడతాయి. బౌల్‌లో మరిగిన పెట్రోలు నాజిళ్ల గుండా మానిఫోల్డ్‌లోకి కారుతుంది, ఇంజిన్ ఫ్లడ్ అవుతుంది, అంటే పెట్రోలు మితిమీరి అంటుకోదు. మీకు కావలసింది ఈ వేడికి అడ్డుకట్ట. కనుక బేకలైట్ జాతికి చెందిన ఫినాలిక్ స్పేసర్ తీసుకోండి. అల్యూమినియం స్పేసర్ చూపుకు బాగుంటుంది గాని, వేడిని చక్కగా పైకి అందిస్తుంది, మీ బాధకు అది మందు కాదు. అయితే డబ్బు ఖర్చు పెట్టే ముందు ఫ్లోట్ లెవెల్, అంటే బౌల్‌లో పెట్రోలు నిలిచే ఎత్తు, ఒకసారి చూడండి. బౌల్‌లోకి పెట్రోలును వదిలి ఆపే నీడిల్ వాల్వ్ కారుతున్నా ఇవే లక్షణాలు కనిపిస్తాయి, దానిని ఏ స్పేసరూ బాగుచేయలేదు.

ఇక పికప్ సంగతి. డ్యూయల్ ప్లేన్ మానిఫోల్డ్‌లో కార్బురేటర్ కింది గది రెండుగా చీలి, ఒక్కొక్క సగం నాలుగు సిలిండర్లకు గాలిని అందిస్తుంది. నడుమ గోడ ఉండబట్టే తక్కువ వేగంలో కూడా ప్రతి సిలిండర్ లాగుడు కార్బురేటర్‌కు స్పష్టంగా తెలుస్తుంది. ఓపెన్ స్పేసర్ వేస్తే ఆ గోడ పైన రెండు సగాలూ కలిసిపోతాయి; ఎక్కువ ఆర్‌పీఎంలో కొంత లాభం ఉండవచ్చు గాని, కింది వేగంలో ఆ లాగుడు పలచబడి, యాక్సిలరేటర్ నొక్కగానే ఇంజిన్ తడబడుతుంది, పెట్రోలును కొలిచి వదిలే జెట్లు మార్చవలసి వస్తుంది. రోడ్డుమీద తిరిగే బండికి నాలుగు రంధ్రాల స్పేసరే మేలని నా అభిప్రాయం. ఓపెన్ స్పేసర్‌ను రేసుకు వెళ్ళేవారికి వదిలేయండి.

కొన్న వెంటనే బిగించకండి. కార్బురేటర్‌ను స్పేసర్‌పై బల్లమీదే కూర్చోబెట్టి, చేత్తో థ్రాటిల్‌ను మెల్లగా పూర్తిగా తెరచి మూయండి. తెరచినప్పుడు బటర్‌ఫ్లై (గాలి దారిని మూసే గుండ్రని రేకు) అంచులు కార్బురేటర్ అడుగు పలక అయిన బేస్‌ప్లేట్ కిందికి దిగుతాయి. వెనుకవైపు ఉండే సెకండరీ బటర్‌ఫ్లై స్పేసర్ రంధ్రపు గోడకు ఒక వెంట్రుకవాసి తగిలినా నడిరోడ్డుమీద థ్రాటిల్ తెరుచుకున్నచోటే ఇరుక్కుంటుంది. ఇది ప్రాణాలమీదికి వచ్చే విషయం. నేను ఒకసారి ఆ చిన్న ‘టిక్’ శబ్దాన్ని స్ప్రింగ్ శబ్దమనుకుని వదిలేయబోయాను. విప్పి చూస్తే స్పేసర్ అంచున గోటితో గీసినట్టు ఒక మెరిసే గీత కనిపించింది. మానిఫోల్డ్ మీద గాస్కెట్ పరచి, దాని రంధ్రాలూ, స్పేసర్ రంధ్రాలూ, మానిఫోల్డ్ నోళ్ళూ ఒకదానిపై ఒకటి సరిపోతున్నాయో లేదో కూడా చూడండి. క్వాడ్రాజెట్ వంటి స్ప్రెడ్ బోర్ కార్బురేటర్‌కు వెనుక రంధ్రాలు చాలా పెద్దవి కాబట్టి, దానికి చేసిన స్పేసర్ మీకు పనికిరాదు.

స్పేసర్‌కు పైన ఒకటి, కింద ఒకటి, రెండు కొత్త గాస్కెట్లు కావాలి. కార్బురేటర్‌ను పట్టి ఉంచే పాత స్టడ్లు (మరలున్న కడ్డీలు) పొట్టివైపోతాయి. 25 మిల్లీమీటర్ల స్పేసర్‌కు, అదనపు గాస్కెట్ మందానికి తగినంత పొడవైనవి వేయాలి. ఈ తరహా మానిఫోల్డ్‌లలో సాధారణంగా ఉండేవి 5/16 అంగుళాల స్టడ్లు. అల్యూమినియం మెత్తని లోహం కనుక మర కనీసం 12 మిల్లీమీటర్లు లోపలికి దిగేలా చూడండి. నట్లను వేళ్ళతో తిప్పి ఆనించాక, ఎదురెదురు మూలలను మార్చి మార్చి రెండు మూడు విడతల్లో బిగించి 60–80 అంగుళ-పౌండ్ల వద్ద, అంటే దాదాపు 7–9 న్యూటన్ మీటర్ల వద్ద ఆపండి. బలమంతా పెడితే బేస్‌ప్లేట్ వంగి థ్రాటిల్ షాఫ్ట్ బిగుసుకుంటుంది, లేదా కార్బురేటర్ చెవి విరుగుతుంది. తొలిసారి బిగించాక ఒక్కసారి విప్పి గాస్కెట్‌ను వెలుతురులో చూడండి: చుట్టూ ఒకే రకంగా అచ్చు పడి ఉంటే సరే, అచ్చు పడని చోటే గాలి లీకేజీ వస్తుంది.

కార్బురేటర్ అంగుళం పైకి లేచినా కేబుల్ బ్రాకెట్ మానిఫోల్డ్ మీదే ఉండిపోతే థ్రాటిల్ కేబుల్ కోణం మారుతుంది. అందుకే మరొకరిని లోపల కూర్చోబెట్టి పెడల్ పూర్తిగా నొక్కించి, థ్రాటిల్ నిండుగా తెరుచుకుంటున్నదా, వదలగానే తానే మూసుకుంటున్నదా అని చూడండి. మీ బండిలో 700ఆర్4 ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉంటే మరీ జాగ్రత్త: థ్రాటిల్‌కు కలిసే టీవీ (థ్రాటిల్ వాల్వ్) కేబుల్ సరిగా లాగకపోతే లోపలి నూనె ఒత్తిడి తగ్గి క్లచ్‌లు కాలిపోతాయి. పెట్రోలు పైపు, వాక్యూమ్ గొట్టాలు సాగి నిలవకూడదు. ఎయిర్ క్లీనర్ మూతమీద మెత్తని మట్టి ముద్ద పెట్టి బానెట్ మూసి తెరవండి, నలిగిన ముద్దలో మిగిలిన మందమే మీకున్న ఖాళీ.

స్టార్ట్ చేశాక అంచుల చుట్టూ సన్నగా నీళ్ళు చిలకరించండి. ఐడిల్, అంటే ఇంజిన్ ఖాళీగా తిరిగే వేగం, మారితే అక్కడ లీకేజీ ఉన్నట్లే. వేడి ఇంజిన్‌మీద మండే స్ప్రేలు వాడకండి. చివరగా ఐడిల్ మిక్స్చర్ స్క్రూలను మళ్ళీ సరిచేసుకోండి.

ప్రశ్న: స్పేసర్ గాస్కెట్లకు సిలికాన్ సీలెంట్ పూయవచ్చా?

జవాబు: పూయరాదు. పెట్రోలు తగిలితే మామూలు సిలికాన్ ఉబ్బి, ముక్కలై ఊడి లోపలికి పోతుంది. గాస్కెట్ పొడిగానే వేయాలి. అలా వేసినా లీక్ అవుతున్నదంటే ఏదో ముఖం వంకరగా ఉన్నదన్నమాట. చదునైన ఉక్కు స్కేలును అడ్డంగా పెట్టి, కింది నుంచి వెలుతురు ఎక్కడ కనబడుతుందో చూడండి.